ఆడ ఉలవలు

కోటమ్మకు గర్భసంచి తీసేసేనాటికి ఇరవై ఏడేళ్ళు. చంకలో ఏడాది పిల్ల. నడుంనొప్పి, తెల్లబట్ట అని టౌనులో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ఓ కాగితం మీద సంచి బొమ్మ గీసి, దాని మీద ఓ నల్లచుక్క పెట్టి, ఇది రేపు క్యాన్సర్ అయినా కావచ్చు, ఎందుకొచ్చిన గొడవ, తీయించేసుకుంటే ఓ పనైపోతుంది అన్నాడు. తల్లి రొమ్ములో గడ్డతో పోయిన మనిషికి ఆ ఒక్క మాట చాలు. నెల తిరక్కుండా సంచి తీశాడు, పనిలో పనిగా అండాశయాలూ తీసి పారేశాడు. ఆ ఊళ్ళో అలా తీయించుకున్న ఆడవాళ్ళు ఒకరా, ఇద్దరా! పుచ్చుపన్ను పీకించుకున్నంత తేలిగ్గా బస్సెక్కి వెళ్ళి తీయించుకొచ్చారు. తర్వాత ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

ఏమవుతుందో కోటమ్మ ఒళ్ళే చెప్పింది. ముందు సెగలు, చెమటలు. ఆ వెనక నిద్ర పోయింది. ఇరవై ఎనిమిదో ఏట మిరపకాయల టిక్కీ బస్తా ఎత్తబోతే మణికట్టు కందికంపలా విరిగింది. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు, ఈ ఫిలిం మీ అమ్మగారిదా అని అడిగాడు. నాదేనండీ అంటే ఆయన మళ్ళీ పేరు చదువుకున్నాడు.

కోటమ్మ అక్క పేరు సుగుణ. ఇద్దరిలో చదువు పెద్దదానికి అబ్బింది. నగరం శివార్లలో ఒక పరిశోధన కేంద్రంలో పప్పుధాన్యాల మీద పనిచేసే శాస్త్రవేత్త. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు తీరిక లేదని చెప్పేది, చెల్లెలికి మాత్రం ఇష్టం లేదని నిజం చెప్పింది. ఆపరేషన్ సంగతి ఆమెకు అంతా అయిపోయాక ఫోన్లో తెలిసింది. ముందే చెబితే నువ్వు వద్దంటావని చెప్పలేదక్కా అంది కోటమ్మ. నిజమే, వద్దనేది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా సుగుణకు చెల్లెలి మీద కోపం వచ్చేది, ఆ కోపం కాసేపటికి తన మీదికే మళ్ళేది.

ఆడదాని ఎముకలకు కాపలా కాసేది ఈస్ట్రోజెన్. అండాశయాలు పోతే ఆ కాపలా పోతుంది. మాత్రల రూపంలో బయటినుంచి ఇవ్వవచ్చు గానీ, తల్లికి రొమ్ము క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ మాత్రలు రాయడానికి ఏ డాక్టరుకూ చెయ్యాడలేదు. ఎముకల మందు చూస్తే కోటమ్మ కడుపుకు పడలేదు. ఇక సుగుణకు మిగిలింది ఆమెకు తెలిసిన మొక్కలే. సోయా, అవిసె లాంటి కొన్ని గింజల్లో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలుంటాయి. అవి మారు తాళంచెవుల్లాంటివి, తాళంలో దూరతాయి గానీ పూర్తిగా తిరగవు. రొమ్ము తలుపు జోలికి పోకుండా ఎముక తలుపు ఒక్కటే తీసే తాళంచెవిని ఉలవ మొక్క చేత చేయించాలని సుగుణ పట్టు పట్టింది. నాలుగేళ్ళు పట్టింది. పదహారు రకాలు పనికిరాకుండా పోయాయి, పదిహేడోది పనిచేసింది. చూడ్డానికి మామూలు ఉలవే, ఎరుపు కాస్త ఎక్కువ. కాగితాల్లో దాని పేరు ఉ-17. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం మొదటి వారంలోనే దానికి ఆడ ఉలవలని పేరు పెట్టేశారు.

ఎలుకలయ్యాయి, కుందేళ్ళయ్యాయి. మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చాక నాలుగు ఊళ్ళు ఎంచారు, అందులో చెల్లెలి ఊరు ఉండేలా సుగుణే చూసుకుంది. గర్భసంచీ అండాశయాలూ తీయించుకున్న మూడు వందల పన్నెండు మంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టారు. ఊరి బయట కంచె వేసి అక్కడే పంట పండించి, నెలకోసారి ఇళ్ళకు కొలిచి ఇచ్చేవారు. సుగుణ దగ్గర పనిచేసే బయోకెమిస్టు నిఖత్ అని ఓ హైదరాబాద్ అమ్మాయి. దేన్నైనా ఎందుకు, ఎలా అని అడగందే వదిలే రకం కాదు. ఉలవలు ఇళ్ళలో ఎలా వండుతారో మనం చూడలేదు మేడం, ఓ నాలుగు రోజులు వాళ్ళ వంటిళ్ళలో కూర్చుందాం అంది.

సుగుణ నవ్వేసింది. "అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా నిఖత్? నేను పుట్టి పెరిగిందే ఆ వంటిళ్ళలో. ఆ నాలుగు రోజులు ఇక్కడ పని చూసుకుందాం."

అలా ఆ నాలుగు రోజులూ ఆదా అయ్యాయి. ఆడవాళ్ళకు ఇచ్చిన కాగితంలో, ఈ నెల ఉలవలు వాడారా అని ఒకే ఒక ప్రశ్న వేసి, పక్కన అవును, కాదు అని రెండు గళ్ళు గీశారు. అందరూ అవును దగ్గర టిక్కు పెట్టారు. అబద్ధం ఒక్కరూ ఆడలేదు.

ఆరు నెలలకు కోటమ్మకు నిద్ర పట్టడం మొదలైంది. ఏడాదికి ఎముకల సాంద్రత చూస్తే గీత పైకి లేచింది. సుగుణ ఆ కాగితం పట్టుకుని లాబొరేటరీ బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, నిఖత్ చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. నెత్తిన గడ్డిమోపుతో చేను గట్టున నడిచి వస్తున్న ఫొటో ఒకటి కోటమ్మ తన భర్త బ్రహ్మయ్య చేత తీయించి పంపింది. ఆ ఫొటోలో ఆమెకు ముప్పై మూడేళ్ళు. చాలా కాలానికి ఆమె తన వయసులో కనిపించింది. చూడు, నీ చెల్లెలు మళ్ళీ పడుచుదైంది అని వెనకనుంచి బ్రహ్మయ్య ఫోన్లో ఎగతాళి చేస్తే, సుగుణ కూడా వంత పాడింది.

ఆ ఏడాదే ఊళ్ళో గేదెలకు చూడి నిలవడం మానేసింది. ఎదకు వస్తున్నాయి, సూది వేయిస్తున్నారు, నిలవడం లేదు. పశువుల డాక్టరు మందులో నీళ్ళు కలుపుతున్నాడని ఊరంతా ఆయన్ని తిట్టింది. అయితే చూడి కట్టని గేదె ఎండిపోకుండా పాలిస్తూనే ఉంది కాబట్టి ఆ తిట్లు ఎంతో దూరం పోలేదు. కోటమ్మ మాటల మధ్యలో ఈ సంగతి చెబితే, నేను మొక్కల డాక్టర్ని, గేదెల సంగతి గేదెల డాక్టర్ని అడగమంది సుగుణ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫాల్గుణంలో ఓ మధ్యాహ్నం ఫోను వచ్చింది. కోటమ్మ గొంతు కిందికి దిగిపోయి ఉంది.

"అక్కా, పిల్ల పెద్దమనిషయింది."

ఎవరి పిల్ల అని అడిగింది సుగుణ.

"మన లాస్యే. బడి నుంచి గౌను ఎనకాల మరకతో వచ్చింది."

లాస్యకు అప్పటికి ఏడేళ్ళు నిండి రెండు నెలలు.

సుగుణ వెళ్ళేసరికి ఇరుగమ్మా పొరుగమ్మా చేరి, వయసుదేముంది, అయింది అయినట్టే, కూర్చోబెట్టాల్సిందే అంటున్నారు. ఎవరో అప్పుడే నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి తెచ్చారు. గదిలో మూలన చాప మీద లాస్య కూర్చుని ఉంది. ముందు పళ్ళు రెండు ఊడి ఉన్నాయి, చిమ్మిలి పక్క పళ్ళతో కొరుకుతోంది. నేనేం చేశానని నన్ను ఆడుకోనివ్వట్లేదు పెద్దమ్మా అని అడిగింది. కోటమ్మ వచ్చినవాళ్ళందరినీ పంపేసి తలుపు గడియ పెట్టింది. వేడుకా లేదు, ఏమీ లేదు, చేస్తే నా పాడె మీద చేయమంది. పిల్లకు నాలుగైదు నెలలుగా రొమ్ము ఉబ్బడం ఆమె చూసింది. "మంచి పాలు తాగుతుంది గదా, ఒళ్ళు చేసిందనుకున్నా" అంది.

నగరంలో పిల్లల డాక్టరు చెయ్యికి ఎక్స్‌రే తీయించింది. పిల్ల వయసు ఏడు, ఎముకల వయసు పన్నెండు అంది. ముందే పండిన ఎముక ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది, నెలనెలా ఒక ఇంజెక్షన్ ఇచ్చి కొంత ఆపవచ్చు, అయినా నాలుగున్నర అడుగులు దాటుతుందని నమ్మకం ఇవ్వలేనంది. నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే వేరే మాట చెప్పేదాన్నని కూడా అంది. తన పక్క సీట్లో తల్లి ఒళ్ళో తల పెట్టి పడుకున్న ఆ పిల్లనే ఇంటికి వచ్చేదాకా చూస్తూ వచ్చింది సుగుణ.

ఉలవచారు పిల్లకు పెట్టావా అని అడిగితే కోటమ్మ కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. పెట్టొద్దన్నారు, చుక్క కూడా పెట్టలేదు. నిఖత్ పిల్ల రక్తం పరీక్ష చేసి, ఇందులో మన పదార్థం లేదు, దాన్ని పోలిందే ఇంకొకటి ఉంది, చాలా గట్టిది, ఇదెక్కడినుంచి వచ్చిందో తెలియడం లేదంది. సుగుణ సెలవు పెట్టి చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున కోటమ్మ చారు కాచింది. రాత్రి నానేసిన ఉలవలు కట్టెల పొయ్యి మీద గంటల తరబడి ఉడికించి, ఎర్రటి కట్టు వేరే గిన్నెలోకి వార్చి, అందులో చింతపండు పిసికి పొయ్యి పక్కన పెట్టింది. అదంతా సుగుణ పీట మీద కూర్చుని చూస్తూనే ఉంది. మిగిలిన ఉడికిన గింజల్ని కోటమ్మ ఓ బేసిన్‌లోకి దించి, తవుడు కలిపి, కొంగుతో బేసిన్ పట్టుకుని పెరట్లోకి నడిచింది. గేదె ఆ అలికిడికే మెడ చాచింది.

"అవి గేదెకు పెడుతున్నావేంటి?" అంది సుగుణ.

"మరి ఎవరికి పెడతారక్కా? చారు మనకి, గుగ్గిళ్ళు గొడ్డుకి. చిన్నప్పుడు అమ్మ నీ చేతే గదా పెట్టిచ్చింది."

సుగుణ వంటింటి గడప మీదే కూర్చుండిపోయింది. నిజమే. బడికి పోయేముందు ఆ బేసిన్ మోసింది తనే. గేదె నాలుక గరగర ఇప్పటికీ చేతికి తెలుసు. మరిచిపోయిందా అంటే మరవలేదు. అది మనిషి ఊపిరి పీల్చడంలాంటి సంగతి, దాన్ని ఎవరైనా కాగితంలో ప్రశ్నగా రాస్తారని తోచనే లేదు. ఉలవలు వాడారా అంటే ఊరంతా అవునంది, వాడారు. చారు వాళ్ళు తాగారు, గింజ గొడ్డు తింది. తన నవ్వు, ఆ మేనమామ సామెత గుర్తొచ్చి ఆమెకు తన మొహం మీద తనే కొట్టుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం పాలు సీసాలో పోసుకుని నగరానికి పరిగెత్తింది. రెండు రోజులకు తేలింది. పదార్థంలో సగం నీళ్ళలోకి దిగుతుంది, సగం గింజలోనే ఉంటుంది. గేదె కడుపులో నెమరు అరిగే చోట ఉండే సూక్ష్మజీవులు ఆ సగాన్ని పట్టి మార్చేశాయి. ఎముక తలుపు ఒక్కటే తీసే తాళంచెవి కాస్తా అన్ని తలుపులూ తీసేదైంది. అది పాలలోకి దిగింది. బిడ్డకు వెన్న తీయని చిక్కటి పాలు పొద్దున ఓ గ్లాసు, సాయంత్రం ఓ గ్లాసు తాగించింది కోటమ్మ, తన ఎముకల గతి పిల్లకు పట్టకూడదని. నేను ముందే చెప్పాను కదా అని నిఖత్ అనలేదు. గేదెలున్న ఇళ్ళెన్ని మేడం అని మాత్రం అడిగింది.

నూట ఎనభై ఆరు. ఇళ్ళలో వాడుకోగా మిగిలిన పాలు పాల సేకరణ కేంద్రానికి పోతాయి. వేరే సాకు చెప్పి నిఖత్, సుగుణ నాలుగు ఊళ్ళూ తిరిగారు. తొమ్మిదేళ్ళ లోపు ఆడపిల్లల్లో లాస్య కాక ఇంకో పంతొమ్మిది మందిలో ఆ గుర్తులే కనిపించాయి. ఒక్క తల్లి కూడా కంగారు పడటం లేదు. పిల్ల ఏపుగా ఎదుగుతోందని మురుస్తున్నారు.

పరిశోధన కేంద్రం డైరెక్టరు పరాంకుశం గారు చెడ్డవాడు కాదు, అదే చిక్కు. ఆయన కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి, తప్పు ఉలవది కాదు కదమ్మా అన్నాడు. గేదెకు పెట్టొద్దని ఓ కరపత్రం అచ్చేయిస్తే సరిపోతుంది. పైకి రాశామంటే నియమం ప్రకారం పంటంతా పీకించి కాల్పిస్తారు, విత్తనం కూడా మిగల్చరు. మూడు వందల మంది ఆడవాళ్ళ ఎముకలు మళ్ళీ మొదటికి వస్తాయి. ఆ మూడు వందల మందిలో మీ చెల్లెలూ ఉంది. ఆలోచించుకో అన్నాడు.

సుగుణ తొమ్మిది రోజులు ఆలోచించింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆమెకు రెండువైపులా ఉన్నది తన ఇల్లే. రాయకపోతే చెల్లెలు నిలబడుతుంది. కానీ ఆ పంతొమ్మిది మందికి ఇంజెక్షన్లు ఎవరు ఇప్పిస్తారు, ఎందుకని చెప్పి ఇప్పిస్తారు? ఒక్కో నెల గడిచేకొద్దీ ఆ పిల్లల ఎముకలు ఇంకొంచెం మూసుకుంటాయి. పదో రోజు ఆమె కోటమ్మ దగ్గరికి వెళ్ళి, పెరట్లో నులకమంచం మీద కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పింది. బిడ్డకు ఇలా కావడానికి కారణం తనేనని కూడా చెప్పింది.

కోటమ్మ గేదె వైపు తిరిగింది. ఆమె కోప్పడితే బాగుండునని సుగుణకు అనిపించింది.

"చెప్తే ఏమవుద్ది?"

"పంట పీకేస్తారు. నీకిక చారు ఉండదు. రెండు మూడేళ్ళలో నీ వెన్ను..." సుగుణ ఆపేసింది.

"చెప్పకపోతే?"

"నువ్వు బాగుంటావు."

కోటమ్మ ముక్కు తుడుచుకుంది. "నా ఎముకలు నాయి అక్కా. ఇరిగితే మంచంలో పడి ఉంటా, ఓ ముద్ద పెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ పంతొమ్మిది మంది తల్లులు నాలాగే అనుకుంటా ఉండుంటారు, మంచి పాలు తాగి ఒళ్ళు చేసిందని. నువ్వు రాయకపోతే నేను ఇంటింటికీ పోయి చెప్తా."

సుగుణ ఆ రోజే రాసింది.

నెలలోపు పైనుంచి మనుషులు వచ్చి పంట పీకారు. ఇళ్ళల్లో మిగిలినవి కూడా తూకం వేసి తీసుకుపోయారు. పంతొమ్మిది మంది పిల్లలకూ, లాస్యకూ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. గేదెలను వేరే మేతకు మళ్ళించారు, అవి ఏడాది తిరిగేసరికి చూడి కట్టాయి కూడా. గొడ్డు కోలుకున్నంత సులువుగా మనిషి కోలుకోడు. పంట పీకిన రోజు కంచె దగ్గర నిలబడి చూస్తున్న సీతారావమ్మ అనే పెద్దావిడ సుగుణ చెయ్యి పట్టుకుంది. ఆవిడ వెన్నులో అప్పటికే రెండు పూసలు నలిగి ఉన్నాయి. "మా ఇంట్లో గేదె లేదు, ఆడపిల్ల లేదు. నా చారెందుకు తీసేత్తన్నావమ్మా?" అంది.

విచారణలో సుగుణ తప్పు తనదేనని రాసిచ్చింది. పరిశోధన నుంచి తప్పించి ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి పంపారు. నిఖత్ ఇప్పుడు వేరే చోట పనిచేస్తోంది. గింజలో మిగలకుండా అంతా నీళ్ళలోకే దిగేలా చేయవచ్చేమో చూస్తున్నానని అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది, ఇంకా పదేళ్ళు పట్టవచ్చంటుంది. పదేళ్ళంటే కోటమ్మకు చాలా ఎక్కువ.

నాలుగేళ్ళు గడిచాయి. కోటమ్మ వెన్నులో పూసలు ఒకటి తర్వాత ఒకటి నలిగాయి. ఒకటి వంగి కల్లాపి చల్లుతుంటే, ఒకటి దగ్గుతుంటే. మిరపచేలో ఎవరికన్నా ముందు వరస పట్టే మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. నొప్పి అని ఎప్పుడూ అనదు, అబ్బ అని మాత్రం అంటుంది. నెలనెలా లాస్యను ఆసుపత్రికి తీసుకుపోయేది సుగుణే. మొన్న వెళ్ళినప్పుడు డాక్టరు కొత్త ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసి, ఇక ఇంజెక్షన్లు అక్కర్లేదంది. పిల్లను బయటికి పంపించి, ఎముకలు మూసుకున్నాయి, ఎత్తు ఇక ఇంతే అని సుగుణకు చెప్పింది. నాలుగడుగుల ఆరంగుళాలు.

లాస్యకు వినిపించింది ఇంజెక్షన్లు అక్కర్లేదన్న మాట ఒక్కటే. పదకొండేళ్ళ పిల్లకు అంతకన్నా మంచి కబురేముంది? బస్సు దిగి ఇంటికి పరిగెత్తింది. వాకిట్లో స్టూలు మీద కూర్చున్న తల్లిని చెయ్యి పట్టి లేపి, గోడకు వీపు ఆనించి నిలబెట్టి, తను పక్కన నిలబడింది. పరీక్షలు రాసే అట్ట ఒకటి సుగుణ చేతికిచ్చి, ఇద్దరి తలల మీదా పెట్టి చూడమంది. ఇంజెక్షన్లు అయిపోయాయి గదా, ఇకనుంచి గబగబా పెరుగుతానని, ముందు అమ్మని దాటి, రెండేళ్ళలో పెద్దమ్మను కూడా దాటుతానని చెప్పింది.

సుగుణ అట్ట పట్టుకుని చూసింది. కోటమ్మ వీపు గోడకు ఆనడం లేదు, మెడ ముందుకు వచ్చేసింది. అయినా పిల్ల కన్నా ఆమె ఓ వేలెడు ఎత్తుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కోటమ్మ నొప్పికి పళ్ళు బిగబట్టి, చీర కుచ్చిళ్ళ చాటున మోకాళ్ళు కాస్త వంచింది.

"దాటావే తల్లీ" అంది.

"పెద్దమ్మా, నువ్వు చెప్పు. నిజంగా దాటానా?"

సుగుణ అట్టను రెండు తలల మీదా సమంగా పెట్టి చూసి, దాటావని చెప్పింది.